తలకి పెద్ద దెబ్బ తగిలి, గొంతులో ట్రాకియాస్టమీ ట్యూబ్‌తో ఇంటికొచ్చిన పేషెంట్‌ని చూసుకోవడం ఎలా?

"ఐసీయూలో అన్నీ సిస్టర్లే చేసేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో మేమెలా చేయాలి?" డిశ్చార్జ్ దగ్గరపడగానే దాదాపు ప్రతి కుటుంబం అడిగే ప్రశ్న ఇది. వెంటనే ఇంకోటి అడుగుతారు: "అర్ధరాత్రి పైపు మూసుకుపోతే?" ఈ రెండింటికీ వివరంగా జవాబు రాస్తున్నాను.

ఇది వెంటిలేటర్ అవసరం తీరిపోయి, గొంతులోని ట్యూబ్ ద్వారా తన ఊపిరి తానే తీసుకుంటున్న పెద్దవాళ్ల కోసం. పిల్లల ట్యూబులు, ఇంట్లో కూడా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇక్కడి కొలతలు వాళ్లకి వాడకండి. మీ డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడ ఉన్నదానికీ తేడా కనిపిస్తే డాక్టర్ మాటే పాటించండి, ఎందుకంటే మీ మనిషిని ఆయన చూశారు, నేను చూడలేదు.

సిద్ధాంతం ఐదు వాక్యాల్లో చెప్పేస్తాను. తల గాయం వల్ల స్పృహ బాగా తగ్గితే (స్పృహని కొలిచే గ్లాస్గో కోమా స్కోరు 8, అంతకంటే తక్కువ) మనిషి తన శ్వాసదారిని తాను కాపాడుకోలేడు, అందుకే మొదట నోట్లోంచి ట్యూబ్ వేస్తారు. కోలుకోవడానికి చాలా రోజులు పట్టేలా ఉంటే మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి ట్యూబ్ పెడతారు. మామూలుగా ముక్కు గాలిని వెచ్చచేసి, తడిపి లోపలికి పంపుతుంది. ట్యూబ్ ఉన్నవాళ్లకి పొడిగాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాంతో కఫం జిగురుగా మారి, ఆ తర్వాత గట్టిపడి ట్యూబ్ లోపల పెచ్చు కడుతుంది.

ఇంట్లో వచ్చే ఎమర్జెన్సీల్లో చాలావాటికి మూలం ఆ పెచ్చే. అందుకే అందరూ సక్షన్ మెషీన్ (కఫం లాగే యంత్రం) గురించి అడిగినా, నేను ముందు తేమ గురించి చెబుతాను. కఫం పల్చగా ఉంటే సగం దగ్గుతోనే బయటికొస్తుంది, మిగతా సగం సక్షన్‌కి తేలిగ్గా వస్తుంది. గట్టిపడ్డాక ఎంత మంచి మెషీన్ అయినా పెద్దగా చేసేదేమీ ఉండదు.

ఆస్పత్రి వదిలే ముందు

1. ఇంట్లో కనీసం ఇద్దరు సక్షన్ నేర్చుకోండి. చూసి నేర్చుకోవడం సరిపోదు. డ్యూటీ సిస్టర్ పక్కనుండగా మీ చేత్తో మీరు చేయాలి, పగలూ రాత్రీ చేయాలి. "ఇక నేను చూడక్కర్లేదు, మీరే చేసేస్తున్నారు" అని సిస్టర్ అనే దాకా డిశ్చార్జ్‌కి తొందరపడకండి.

2. డిశ్చార్జ్ సమ్మరీలో ఈ వివరాలు రాయించుకోండి: ట్యూబ్ కంపెనీ, సైజు, కఫ్ (ట్యూబ్ కింది కొస చుట్టూ గాలితో ఉబ్బే బుడగ) ఉందా లేదా, ఉంటే ఇంట్లో గాలి నింపి ఉంచాలా తీసేయాలా, లోపలి గొట్టం ఉందా, ట్యూబ్ వేసిన తేదీ, మళ్లీ మార్చాల్సిన తేదీ. ఇవన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మంచం దగ్గర గోడకి అంటించండి. 108 సిబ్బంది వచ్చినప్పుడు మీరు కంగారులో చెప్పలేకపోయినా ఆ కాగితం చెబుతుంది.

3. లోపలి గొట్టం లేని ఒంటి గొట్టం ట్యూబ్ వేసి ఉంటే, ఇంటికి వెళ్లేలోపు రెండు గొట్టాల ట్యూబ్‌కి మార్చడం కుదురుతుందా అని అడగండి. రెండు గొట్టాలది ఉంటే, మూసుకుపోయినప్పుడు లోపలిది లాగేస్తే చాలు, చాలాసార్లు దారి వెంటనే తెరుచుకుంటుంది. ఇంటి సంరక్షణలో దీనికి మించిన భద్రత లేదు.

కావలసినవి

- సక్షన్ మెషీన్. బ్యాటరీ బ్యాకప్ ఉన్నది అయితే మంచిది. లేకపోతే కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. వేసవిలో కరెంట్ పోయినప్పుడు ఇదే దిక్కు.
- సక్షన్ కాథెటర్లు, అంటే ట్యూబ్ లోపలికి పంపి కఫం లాగే సన్నటి గొట్టాలు. సైజు లెక్క ఇలా: ట్యూబ్ లోపలి వ్యాసంలోంచి 2 తీసేసి, వచ్చినదాన్ని 2తో గుణించండి. ట్యూబ్ 8 అయితే 12 నంబర్, ట్యూబ్ 7 అయితే 10 నంబర్. ఇంతకంటే లావుది వాడకండి. లావు కాథెటర్ ఎక్కువ కఫం లాగుతుందనుకుంటారు, కానీ అది ట్యూబ్‌ని నింపేసి ఊపిరితిత్తుల్లోని గాలినే లాగేస్తుంది.
- వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్.
- ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), దానికి ముఖం మాస్క్. మెటల్ ట్యూబ్ వేసి ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: చాలా మెటల్ ట్యూబులకి ఆంబు బ్యాగ్ తగిలించే కనెక్టర్ ఉండదు. మీకు ఏ ట్యూబ్ ఉందో, బ్యాగ్ దానికి బిగుస్తుందో లేదో ఆస్పత్రిలోనే పెట్టి చూడండి.
- స్పేర్ ట్యూబులు రెండు: అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి. 10 మి.లీ. సిరంజి. నీళ్లతో కరిగే జెల్లీ. వేజలిన్ లాంటి నూనె జిడ్డు వద్దు.
- నెబ్యులైజర్, నార్మల్ సెలైన్, గొంతు ట్యూబ్‌కి పెట్టే మాస్క్.
- ట్యూబ్ ముందు తగిలించే తేమ ఫిల్టర్లు. ఆస్పత్రుల్లో హెచ్‌ఎంఈ అంటారు, మెడికల్ షాపులో కూడా అదే పేరు చెప్పండి.
- గ్లవ్స్, కత్తిరించి ఉన్న డ్రెస్సింగ్ గాజ్ గుడ్డ (గాయాలకి వాడే పల్చటి నూలు గుడ్డ), మెడ పట్టీలు, మెత్తని బ్రష్.
- డాక్టర్ రాస్తే ఆక్సిజన్ కాన్సెంట్రేటర్. అది కరెంట్‌తో నడుస్తుంది కాబట్టి చిన్న సిలిండర్ కూడా ఉండాలి. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరొత్తి, సిగరెట్ ఏదీ వెలిగించకూడదు.

స్పేర్ ట్యూబులు, సిరంజి, జెల్లీ, ఒక కాథెటర్, ఆంబు బ్యాగ్ ఒకే సంచిలో వేసి తలవైపు తగిలించండి. ఫిజియోథెరపీకి వెళ్లినా, స్కాన్‌కి వెళ్లినా ఆ సంచి పేషెంట్ వెంటే వెళ్లాలి. బీరువాలో భద్రంగా దాచిన స్పేర్ ట్యూబ్ అవసరానికి పనికిరాదు.

తేమ: రోజంతా చేయాల్సిన పని

1. పగటిపూట హెచ్‌ఎంఈ పెట్టి ఉంచండి. రోజుకొకటి మార్చాలి. కఫంతో తడిసి ముద్దయితే వెంటనే మార్చాలి, లేకపోతే అదే గాలికి అడ్డుపడుతుంది.

2. డాక్టర్ చెప్పినన్నిసార్లు సెలైన్ నెబ్యులైజేషన్ ఇవ్వండి. నెబ్యులైజ్ చేసేటప్పుడు హెచ్‌ఎంఈ తీసేయాలి. మాస్క్ ముక్కుకి కాదు, గొంతు ట్యూబ్‌కి పెట్టాలి. ముక్కుకి మాస్క్ పెట్టి పావుగంట నెబ్యులైజ్ చేసి, "ఎంత చేసినా కఫం గట్టిగానే ఉంది" అనేవాళ్లు చాలామంది ఉంటారు.

3. హెచ్‌ఎంఈ దొరకనప్పుడు ఒక పొర పల్చటి గాజ్ గుడ్డని శుభ్రమైన నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ట్యూబ్ ముందు వదులుగా వేలాడేలా కట్టండి. ఆరిపోగానే మళ్లీ తడపండి. నీటి చుక్కలు కారకూడదు.

4. ఒంట్లో నీళ్లు తగ్గినా కఫం చిక్కబడుతుంది. రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో) రోజుకి ఎన్ని నీళ్లు ఇవ్వాలో అడిగి రాసుకోండి. తల గాయం ఉన్నవాళ్లలో ఒంట్లోని ఉప్పు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి మీ అంతట మీరు నీళ్లు పెంచేయకండి.

5. ఫ్యాన్ గాలి, కూలర్ గాలి నేరుగా గొంతు మీదికి కొట్టకుండా మంచం జరపండి.

తేమ సరిపోతోందా, ఎలా తెలుస్తుంది? సక్షన్ చేసి బయటికి తీసిన కాథెటర్‌ని చూడండి. కఫం అంటుకోకుండా పైపులోకి పోతే తేమ బాగుంది. గోడలకి అంటుకుని, నీళ్లు లాగగానే శుభ్రమైతే ఫరవాలేదు, నెబ్యులైజేషన్ మాత్రం ఎగ్గొట్టకండి. నీళ్లు లాగినా వదలకుండా పట్టుకుంటే ప్రమాదం దగ్గర్లోనే ఉందని అర్థం. ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, లోపలి గొట్టం తీసి చూడండి. నేను కుటుంబాలకి నేర్పే పరీక్షల్లో బాగా పనికొచ్చేది ఇదే. ఖర్చు లేదు, ప్రతి సక్షన్‌కీ దానంతట అదే జరుగుతుంది, చూడటం అలవాటు చేసుకోవడమే కావాలి.

సక్షన్ ఎప్పుడు చేయాలి?

గంటకోసారి అని గడియారం చూసి చేయకండి. అవసరం లేని సక్షన్ శ్వాసనాళం లోపలి పొరని గీరుతుంది, రక్తం వస్తుంది, ఇంకా ఎక్కువ కఫం ఊరుతుంది. గురగుర శబ్దం వచ్చినా, ట్యూబ్ నోట్లో కఫం కనిపించినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, ఆక్సిజన్ రీడింగ్ తగ్గినా చేయండి. పాలు పోసే ముందు, పక్కకి తిప్పే ముందు ఒకసారి చెవి పెట్టి వినండి. రాత్రిళ్లు కూడా రెండు మూడు గంటలకోసారి లేచి చూడాలి.

సక్షన్ చేసే పద్ధతి

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. గ్లవ్స్ వేసుకోండి.

2. మనిషికి స్పృహ లేదనిపించినా చెప్పండి: "నాన్నా, గొంతులో కఫం తీస్తున్నాను, దగ్గు వస్తుంది, అయిపోతుంది." వినపడుతోందో లేదో మనకి తెలియదు. చాలామందికి వినపడుతుంది.

3. తలవైపు 30 డిగ్రీలు ఎత్తు ఉండాలి. మెడ తిన్నగా ఉండాలి.

4. మెషీన్ ఆన్ చేసి పైపు కొసని బొటనవేలితో మూసి మీటర్ చూడండి. 80 నుంచి 120 మధ్య ఉండాలి, 150 దాటకూడదు. ఇది మిల్లీమీటర్ల మెర్క్యురీ లెక్క. మీ మెషీన్ మీటర్ కిలోపాస్కల్స్‌లో ఉంటే సుమారు 11 నుంచి 16.

5. ఆక్సిజన్ ఉంటే అర నిమిషం నుంచి నిమిషం ఇవ్వండి.

6. ఎంత లోతు పంపాలో ముందే కొలిచి పెట్టుకోండి. అదే సైజు స్పేర్ ట్యూబ్‌లోకి ఒక కాథెటర్ దూర్చి, దాని కొస అవతలి వైపు అర సెంటీమీటర్ నుంచి ఒక సెంటీమీటర్ బయటికి వచ్చేదాకా పంపండి. ట్యూబ్ నోటి దగ్గర ఎక్కడికి వచ్చిందో గుర్తు పెట్టండి. ఆ పొడవుని గోడ మీది కాగితంలో గీత గీసి ఉంచండి. ప్రతిసారీ అంతే లోతు.

7. కొత్త కాథెటర్ కొసని దేనికీ తగలనివ్వకుండా తీసి, కాథెటర్ వెనక కొస దగ్గరుండే గాలి లాగే రంధ్రం మూయకుండా లోపలికి పంపండి. లోపలికి వెళ్లేటప్పుడు సక్షన్ ఉండకూడదు.

8. గుర్తు దాకా వెళ్లాక ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూసి, కాథెటర్‌ని నెమ్మదిగా తిప్పుతూ బయటికి తీయండి. లోపలికి పంపడం, తీయడం అంతా కలిపి 10 సెకన్లు, గరిష్ఠంగా 15. కాథెటర్ పంపగానే మీరు కూడా ఊపిరి బిగబట్టండి. మీకు గాలి కావాలనిపించినప్పుడు ఆయనకీ కావాలి.

9. నిమిషం ఆగండి. రీడింగ్ మామూలు స్థాయికి వచ్చాక, ఇంకా గురగుర ఉంటేనే రెండోసారి. ఒక విడతలో రెండు, మహా అయితే మూడుసార్లు.

10. గొంతు అయ్యాక నోరు. నోట్లో వాడిన కాథెటర్ మళ్లీ గొంతు ట్యూబ్‌లోకి వెళ్లకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ.

11. శుభ్రమైన నీళ్లు కొంచెం లాగి పైపు కడగండి. కాథెటర్ పారేయండి. ఖర్చు భరించలేక ఒకే కాథెటర్ మళ్లీ వాడక తప్పని పరిస్థితి ఉంటే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పి, ఎలా కడగాలో, ఎన్ని గంటలు వాడొచ్చో అడగండి. ఎవరూ చెప్పకుండా గ్లాసు నీళ్లలో ముంచి ఉంచిన కాథెటర్ వల్ల వచ్చే న్యుమోనియాకి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

సీసా మూడింట రెండు వంతులు నిండేలోపు ఖాళీ చేయండి. పొంగితే మురికి మోటార్‌లోకి పోయి మెషీన్ పాడవుతుంది.

సరిగ్గా చేశానా, ఎలా తెలుస్తుంది? గురగుర పోవాలి. రీడింగ్ సక్షన్‌కి ముందున్నదానికి రావాలి, లేదా పెరగాలి. ఊపిరి నిమిషానికి సుమారు 12 నుంచి 20 మధ్య, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగకుండా ఉండాలి. పల్చటి టిష్యూ పేపర్ పోగు ట్యూబ్ ముందు పట్టుకుంటే ఊపిరితో పాటు కదలాలి. రీడింగ్ తక్కువగా ఉండి మనిషి హాయిగా కనిపిస్తే ముందు వేళ్లు చల్లగా ఉన్నాయేమో, గోళ్లకి రంగు ఉందేమో చూడండి. రీడింగ్ బాగుండి మనిషి ఎగపోస్తుంటే మాత్రం మనిషినే నమ్మండి, మెషీన్‌ని కాదు.

ఇంకో మాట: ప్రతిసారీ ట్యూబ్‌లోకి సిరంజితో సెలైన్ పోసి సక్షన్ చేయడం కొందరు ఆయాలు నేర్పుతారు. మామూలు అలవాటుగా అది వద్దు. పోసిన సెలైన్ అంతా తిరిగి రాదు, లోపలి క్రిములని ఇంకా లోతుకి తోస్తుంది. తేమకి నెబ్యులైజేషన్ ఉంది.

రోజూ చేయాల్సిన మిగతా పనులు

*లోపలి గొట్టం.* రోజుకి రెండు మూడుసార్లు తీసి శుభ్రం చేయాలి. ఒక చేత్తో మెడ దగ్గరి రెక్కని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో లోపలి గొట్టం తిప్పి లాగండి. వెంటనే స్పేర్ లోపలి గొట్టం పెట్టేయండి; కొన్ని మోడల్స్‌లో ఆంబు బ్యాగ్ తగిలే కనెక్టర్ లోపలి గొట్టానికే ఉంటుంది, అది లేకపోతే బ్యాగ్ పట్టదు. తీసినదాన్ని కాచి చల్లార్చిన నీళ్లు, బ్రష్‌తో కడిగి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. చిన్న పెచ్చు కూడా ఉండకూడదు. ప్లాస్టిక్‌వి మరిగించకండి, వంకర పోతాయి. మెటల్‌వి మరిగించవచ్చు.

*రంధ్రం చుట్టూ.* రోజుకి రెండుసార్లు సెలైన్‌తో తుడిచి, ఆరాక డ్రెస్సింగ్ పెట్టండి. మామూలు గాజ్ గుడ్డని ఇంట్లో కత్తెరతో కత్తిరించి పెట్టొద్దు, తెగిన నూలు పోగులు ట్యూబ్‌లోకి పోతాయి. దూది అసలే వద్దు. ఈగలు వాలకుండా దోమతెర కట్టండి. ట్రాకియాస్టమీ గాయంలో పురుగులు పడిన కేసులు మన దేశంలో ఉన్నాయి.

*మెడ పట్టీ.* ఇది మార్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు ట్యూబ్ పట్టుకునే ఉండాలి, కొత్త పట్టీ ముడి పడేదాకా వదలకూడదు. ట్యూబ్ ఊడిపోయే సందర్భాల్లో ఇది ముఖ్యమైంది. పట్టీకీ మెడకీ మధ్య ఒక వేలు పట్టాలి. వదులైతే ఊడుతుంది. బిగుతైతే మెడలోని సిరలు నొక్కుకుని తలలోంచి రక్తం కిందికి దిగడం కష్టమవుతుంది, తల గాయం ఉన్నవాళ్లకి అది మంచిది కాదు.

*కఫ్.* గాలి నింపి ఉంచమని చెబితే, ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. బయట వేలాడే చిన్న బుడగని వేళ్లతో నొక్కి చెప్పడం నమ్మదగింది కాదు, వీలైతే కఫ్ ప్రెషర్ మీటర్ కొనండి. "గాలి లీకవుతోంది" అని సిరంజి నిండా గాలి ఎక్కించడం పెద్ద తప్పు. శ్వాసనాళం గోడకి రక్తం అందక అక్కడ పుండు పడుతుంది. కఫ్‌లో గాలి తీసే ముందు నోరు, గొంతు సక్షన్ చేయాలి, లేకపోతే పైన నిలిచిన ఉమ్మంతా ఒక్కసారిగా లోపలికి జారుతుంది.

*నోరు.* రోజుకి రెండుసార్లు మెత్తని బ్రష్‌తో పళ్లు తోమండి. నోట్లోని క్రిములే మెల్లగా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

తల గాయం ఉంది కాబట్టి ఇంకా ఏం చూడాలి?

దగ్గినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి తగ్గించడానికి పుర్రె ఎముక ముక్క తీసిన వాళ్లలో ఇది కంటికి కనిపిస్తుంది: సక్షన్ చేసేటప్పుడు ఎముక లేనిచోట చర్మం ఉబ్బుతుంది, దగ్గు ఆగగానే దిగిపోతుంది. దిగిపోతే టెన్షన్ పడకండి. ప్రశాంతంగా పడుకున్నప్పుడు కూడా ఉబ్బి గట్టిగా ఉండిపోతే, దానికి తోడు వాంతులు, ముందుకంటే ఎక్కువ మత్తు, ఒక కంటిపాప పెద్దదవడం ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరో సర్జరీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎముక తీసిన వైపు పడుకోబెట్టొచ్చా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

స్పృహ మెరుగవుతున్న రోజుల్లో చాలామంది చేతికి దొరికినదల్లా లాగుతారు. అది మొండితనం కాదు, మెదడు కోలుకునే దారిలో వచ్చే దశ. చేతులు మంచానికి కట్టేసే బదులు మెత్తని గుడ్డ మిట్టెన్లు తొడగండి. అకస్మాత్తుగా చెమటలు, గుండె దడ, ఒళ్లు బిగుసుకోవడం కనిపిస్తే "తల దెబ్బ వల్లే" అనుకుని వదిలేయకండి. ముందు ట్యూబ్ తెరిచి ఉందో లేదో చూడండి, తర్వాతే మిగతా కారణాలు.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పండి, ట్యూబ్ పట్టుకుని కాపాడండి, నోట్లో ఏదీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108.

పాలు, జావ రైల్స్ ట్యూబ్‌లో పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఆ తర్వాత కనీసం అరగంట నుంచి గంట అలాగే ఉంచండి. పోసిన వెంటనే సక్షన్ చేస్తే వాంతి వస్తుంది.

ఇప్పుడు పెద్దవాళ్లతో కాస్త గట్టిగా మాట్లాడాల్సిన విషయం. "నోరు ఎండిపోతోంది పాపం" అని స్పూను కాఫీ, చూడటానికొచ్చిన బంధువులు తెచ్చిన తీర్థం నోట్లో పోయడం మన ఇళ్లలో జరిగే పనే. ప్రేమతోనే చేస్తారు. కానీ మింగడం రాని మనిషికి అది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతులో కఫ్ ఉన్నా పూర్తిగా ఆపలేదు. స్పీచ్ థెరపిస్ట్ మింగే పరీక్ష చేసి సరేనన్నాకే నోటి ద్వారా. అప్పటిదాకా తీర్థాన్ని నుదుటికి అద్దండి, తడిబట్టతో పెదాలు తుడవండి. అలాగే సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, టాల్కం పౌడర్, ఎండుమిర్చి తాలింపు ఘాటు ఆ గదిలోకి రాకూడదు. స్నానం మెడ కిందినుంచే. తలకి పోస్తే చుక్క నీరు కూడా ట్యూబ్‌లోకి పోకుండా చూడాలి.

రాత్రి ఒకరు అదే గదిలో పడుకోవాలి. ట్యూబ్ ఉన్న మనిషి గొంతులోంచి శబ్దం రాదు. ఊపిరాడకపోయినా అరిచి పిలవలేడు.

ఊపిరి ఆడకపోతే: ఈ వరుసలోనే చేయండి

దీన్ని కాగితం మీద రాసి అంటించండి. నెలకోసారి ఇంట్లో అందరూ కలిసి చెప్పుకోండి. బ్రిటన్‌లోని నేషనల్ ట్రాకియాస్టమీ సేఫ్టీ ప్రాజెక్ట్ 2012లో ప్రచురించిన పద్ధతి కూడా స్థూలంగా ఇదే వరుస. ఇంటికి తగ్గట్టు కుదించి రాస్తున్నాను.

1. గట్టిగా పిలవండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, "గొంతులో ట్యూబ్ ఉంది, ఊపిరి ఆడటం లేదు" అని చెప్పాలి. ఆక్సిజన్ ఉంటే ముక్కుకీ పెట్టండి, గొంతుకీ పెట్టండి, రెండుచోట్లా.

2. ట్యూబ్ ముందున్న హెచ్‌ఎంఈ, మూత, స్పీకింగ్ వాల్వ్ (మాట్లాడేందుకు పెట్టేది) ఏదుంటే అది పీకేయండి. లోపలి గొట్టం లాగేయండి. చాలాసార్లు ఇక్కడితోనే ఊపిరి అందుతుంది.

3. సక్షన్ కాథెటర్ పంపండి. దారి దొరికితే సక్షన్ చేయండి.

4. కాథెటర్ వెళ్లకపోతే కఫ్‌లో గాలి సిరంజితో పూర్తిగా తీసేయండి. ట్యూబ్ పక్కనుంచి గాలి ఆడొచ్చు.

5. అయినా ఊపిరి రాకపోతే, కాథెటర్ వెళ్లకపోతే ట్యూబ్ తీసేయండి. భయమేస్తుంది, నిజమే. కానీ మూసుకుపోయిన ట్యూబ్ ఉండటం కంటే లేకపోవడమే మేలు. రంధ్రం దగ్గరా, ముక్కు దగ్గరా రెండుచోట్లా ఆక్సిజన్ పెట్టండి.

6. తనంతట ఊపిరి తీయకపోతే మెడ దగ్గరి రంధ్రాన్ని గాజ్ గుడ్డతో, చేత్తో మూసి, ముక్కూ నోరూ మీద మాస్క్ పెట్టి ఆంబు బ్యాగ్ 5, 6 సెకన్లకోసారి నొక్కండి. మనిషిలో ఏ కదలికా లేక, ఊపిరి కూడా లేకపోతే గుండె మీద నొక్కడం మొదలుపెట్టండి. సీపీఆర్ కూడా ఆస్పత్రిలో ఉండగానే నేర్చుకోవాలి.

ట్యూబ్ దానంతట అదే ఊడిపోతే: పాత రంధ్రం అయి, మీరు ఆస్పత్రిలో నేర్చుకుని ఉంటేనే కొత్తది పెట్టే ప్రయత్నం చేయండి. లోపలి పుల్ల (ట్యూబ్ దూర్చడానికి దాంతోపాటు వచ్చేది) ఉంచి, జెల్లీ రాసి, ఒంపు వెంబడి కిందికి పంపి, వెంటనే పుల్ల లాగేయాలి. పుల్ల లోపలే ఉంటే గాలి పోదు. పోకపోతే చిన్న సైజుది. అదీ పోకపోతే తొయ్యకండి. బలవంతంగా తోస్తే ట్యూబ్ శ్వాసనాళంలోకి కాకుండా చర్మం కింద తప్పుదారిలోకి పోతుంది. ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి.

ఎప్పుడు ఫోన్, ఎప్పుడు పరుగు?

కఫం పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారి వాసన వస్తుంటే, జ్వరం ఉంటే, సక్షన్ అవసరం రెట్టింపైతే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. సక్షన్ తర్వాత కఫంలో సన్నటి రక్తపు చారలు అప్పుడప్పుడూ వస్తాయి. లోతు, ప్రెషర్ సరిచూసుకోండి. రీడింగ్ మామూలుగా ఎంత ఉండాలో డాక్టర్‌ని అడిగి రాసుకోండి. 90 కంటే తగ్గి సక్షన్ తర్వాత కూడా పెరగకపోతే వెంటనే ఆస్పత్రి. ఎర్రటి తాజా రక్తం ధారగా వస్తే, ఒకసారి వచ్చి ఆగిపోయినా సరే, తర్వాత ఏమవుతుందో చూద్దామని ఆగకండి. ట్యూబ్ రాపిడికి పెద్ద రక్తనాళం దెబ్బతిన్నప్పుడు ముందు అలా కొంచెం వచ్చి ఆగి, తర్వాత ప్రాణాంతకంగా రావచ్చు.

మాట ఎప్పుడొస్తుంది, ట్యూబ్ ఎప్పుడు తీస్తారు?

గాలి స్వరపేటిక కిందినుంచే బయటికి పోతుంది కాబట్టి శబ్దం రాదు. మాట పోయిందని అర్థం కాదు. స్పీకింగ్ వాల్వ్ పెడితే కొందరు మాట్లాడగలరు, కానీ ఒక్కటి మర్చిపోకండి: కఫ్‌లో గాలి ఉండగా స్పీకింగ్ వాల్వ్ పెడితే లోపలికి పోయిన గాలి బయటికి రాదు, మనిషి చనిపోవచ్చు. మొదటిసారి ఆస్పత్రిలోనే పెట్టించండి.

తీయడానికి డాక్టర్లు చూసేవి: మెలకువగా ఉంటున్నారా, గట్టిగా దగ్గి కఫాన్ని ట్యూబ్ నోటి దాకా తేగలుగుతున్నారా, ఉమ్ము మింగుతున్నారా, సక్షన్ అవసరం తగ్గిందా, ట్యూబ్‌కి మూత పెట్టినా ముక్కుతో హాయిగా ఊపిరి తీస్తున్నారా. మీరు రోజూ నోట్‌బుక్‌లో సక్షన్ ఎన్నిసార్లు, కఫం ఎలా ఉంది, దగ్గు ఎంత బలంగా ఉంది అని రెండు లైన్లు రాస్తే ఆ నిర్ణయం త్వరగా, సరిగ్గా జరుగుతుంది. ఇంట్లో మూత పెట్టి చూసే ప్రయోగాలు మాత్రం చేయకండి.

ట్యూబ్ తీశాక రంధ్రం మీద గాలి పోకుండా డ్రెస్సింగ్ వేస్తారు. చాలామందికి కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో దానంతట అదే మూసుకుంటుంది. అప్పటిదాకా దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు డ్రెస్సింగ్ మీద రెండు వేళ్లతో మెత్తగా నొక్కి పట్టుకోమని చెప్పండి, లేకపోతే ఆయన తరఫున మీరు నొక్కండి. మొదటి రెండు రోజులు ఎగశ్వాస, ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తే వెంటనే అదే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పేర్ ట్యూబులున్న సంచిని రంధ్రం పూర్తిగా మూసుకునేదాకా మంచం దగ్గరే ఉంచండి.